చెరువులో తెల్లమచ్చ, ఇంట్లో డెంగీ: రెండూ ఒకటేనా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఆకివీడు దగ్గర పల్లె. ఎకరంన్నర వనామీ రొయ్యల చెరువు ఉంది. సెప్టెంబరు ఆఖరి వానల్లో, సీడు, అంటే రొయ్యపిల్లలు, వేసిన 45వ రోజున తెల్లమచ్చ జబ్బు తగిలి రెండు రోజుల్లో చెరువు పోయింది. మిగిలినవి పట్టేసి వచ్చిన ధరకు అమ్ముకున్నాం. కొన్ని ఇంటికి తెచ్చి కూర వండాను. ఆ తర్వాత ఆరో రోజున మా పదకొండేళ్ల బాబుకు జ్వరం వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షను చేసి, యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. నాలుగో రోజు జ్వరం తగ్గింది, గండం గడిచిందనుకున్నాం. అయిదో రోజు మధ్యాహ్నం కడుపునొప్పి, వాంతులు మొదలై చేతులు కాళ్లు చల్లబడ్డాయి. భీమవరం తీసుకువెళ్తే డెంగీ అన్నారు. మూడు రోజులు ఉంచుకుని బాగుచేసి పంపారు. మా అత్తగారు, "చెరువులో పురుగే ఇంట్లోకి వచ్చింది, ఆ రొయ్యలు వండి పెట్టింది నువ్వే" అంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆమె చెప్పింది నిజమేనా? జ్వరం తగ్గాక ప్రమాదం రావడమేమిటి? ఆసుపత్రిలో యాంటీబయాటిక్ ఎందుకు ఆపేశారు? చెరువుకు వైరస్ మందని ముప్పై వేలు పోశాం, అదెందుకు పనిచేయలేదు? మూడు వారాలైనా బాబు నీరసంగానే ఉన్నాడు. ఏం పెట్టాలి? ఇది మళ్లీ వస్తుందా?

జవాబు: అమ్మా, ముందు మీ నిద్ర సంగతి. మీరు వండిన కూరకూ మీ బాబుకు వచ్చిన జ్వరానికీ ఏ సంబంధమూ లేదు. మీ మనసు కుదుటపరచడానికి అంటున్న మాట కాదిది, ఉన్న నిజం. తెల్లమచ్చ వైరస్ రొయ్య, పీత వంటి పెంకు జీవులదే. అది మన దేశంలో అడుగుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఆ రొయ్యలను చేత్తో పట్టినవాళ్లు, తలలు తీసినవాళ్లు, వండుకుని తిన్నవాళ్లు మన గోదావరి జిల్లాల్లోనే లెక్కకు అందరు. మనిషికి అది సోకినట్టు ఎక్కడా నమోదు కాలేదు. డెంగీ తిండితో రాదు, నీళ్లతో రాదు, తాకితే రాదు. దోమ కుడితే వస్తుంది. కుట్టిన నాలుగు నుంచి పది రోజులకు జ్వరం బయటపడుతుంది. అంటే ఆ కూర మీ పొయ్యి మీద ఉడుకుతున్న రోజుకు కొంచెం అటో ఇటో, ఎక్కడో బడిలోనో వీధిలోనో బాబును ఒక దోమ కుట్టింది. జరిగింది అంతే.

అయితే మీ అత్తగారి మాటను పూర్తిగా తోసిపుచ్చను. పెద్దావిడ కళ్లతో చూసినది తప్పు కాదు. రెండు జబ్బులూ ఒకే నెలలో, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కానీ ఆ రెంటికీ ఒకదానితో ఒకటి చుట్టరికం లేదు. చుట్టరికం ఉన్నది వానతో. వరసగా నాలుగు రోజులు ముసురు పడితే చెరువు నీళ్లు చల్లబడతాయి, ఉప్పదనం ఒక్కసారిగా పడిపోతుంది, రొయ్య డీలా పడుతుంది. నీళ్లు 32 డిగ్రీలు దాటి వెచ్చగా ఉన్నప్పుడు తెల్లమచ్చ వైరస్ రొయ్య ఒంట్లో పెద్దగా పెరగలేదు. చల్లబడితే విజృంభిస్తుంది. అదే ముసురు మీ పెరట్లో కొబ్బరి చిప్పలను, కోళ్లకు నీళ్లు పెట్టే మట్టి మూకుడును, పాత టైరును నింపింది. దోమ గుడ్లకు అది చాలు. ఈ మాట మీ అత్తగారికి చదివి వినిపించండి. కోడలిని నిందించడానికి కాక, పెరడు చూసుకోవడానికి ఆవిడ చూపు ఉపయోగపడుతుంది.

ఇప్పుడు "పురుగు" అనే మాట దగ్గరికి వద్దాం. కంటికి కనబడని జబ్బు కారణాన్నల్లా మన ఊళ్లలో పురుగనే అంటారు. పురుగైతే దానికి ఆకలి ఉంటుంది, తింటుంది, గుడ్లు పెడుతుంది. వైరస్‌కు ఆకలి లేదు, ఊపిరి లేదు, కదలిక లేదు. ఒక పొట్లం, ఆ పొట్లంలో చుట్టచుట్టి పెట్టిన ఒక జన్యు రాత, అంతే. డెంగీ వైరస్ అడ్డుకొలత 50 నానోమీటర్లు. ఇరవై వేల పొట్లాలు పక్కపక్కన పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది. లోపలి రాత సుమారు 10,700 అక్షరాలు. ఆ రాతతో తయారయ్యే ప్రొటీన్లు పదే పది. ఆ పదింటితో అది ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి వరండాలో పడుకోబెట్టగలిగింది.

ఎలాగంటే, మీ ఊరి రైస్‌మిల్లును తలుచుకోండి. కరెంటు మిల్లుదే, మోటారు మిల్లుదే, హమాలీలు మిల్లువాళ్లే. రాత్రివేళ ఎవరో తలుపు సందులోంచి ఒక చీటీ లోపల పడేసి పోయారు. తెల్లవారేసరికి మిల్లు మన ధాన్యం పక్కన పెట్టి ఆ చీటీకి వేల నకళ్లు తీస్తోంది, వాటిని పొట్లాలు కట్టి బయటికి తోస్తోంది. ఒక్కో పొట్లం పక్క మిల్లు తలుపు వెతుక్కుంటూ పోతుంది. వైరస్ కణంలోకి దూరి చేసేది ఇదే. అది తనంతట తాను ఏమీ చేయలేదు, చేసేదంతా మన కణమే, మన సరంజామాతోనే.

ఆ చీటీ లోపల పడాలంటే మాత్రం తలుపు తెరుచుకోవాలి. ప్రతి జీవి కణాల మీదా, ఒకే జీవిలో ఒక్కో అవయవం కణాల మీదా తలుపులు వేరువేరుగా ఉంటాయి. తన పైపొరకు సరిపోయే తలుపు దొరికితేనే వైరస్‌కు ప్రవేశం. 2025 ఫిబ్రవరిలో తణుకు, పెరవలి వైపు కోళ్లఫారాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడినప్పుడు మీ ఇంట్లో కూడా కోడికూర మానేసే ఉంటారు. ఆ వైరస్‌కు కోడి పేగుల్లోనూ ఊపిరితిత్తుల్లోనూ తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. మన గొంతులో, ముక్కులో ఉన్న తలుపులు ఎక్కువగా వేరే రకం. కోడిలో ఉన్నలాంటి తలుపులు మనలో ఊపిరితిత్తుల అడుగున ఉన్నాయి. అందుకే అది మనుషుల్లో తేలికగా పాకలేదు, అరుదుగా లోతుకు చేరితే మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. బాగా ఉడికిన మాంసంలో అది బతకదు. ప్రమాదమంతా జబ్బు కోళ్లను చేత్తో పట్టి, కోసి, ఈకలు పీకేవాళ్లకు.

ఇన్నేళ్ల వైద్యంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఒకటి ఉంది. మీ బాబును కుట్టిన దోమను తీసుకోండి. డెంగీ రోగి రక్తంతో పాటు వైరస్ దాని కడుపులోకి పోయింది. అక్కడ పెరిగి, ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో లాలాజల గ్రంథులకు చేరింది. ఇక ఆ దోమ బతికినంతకాలం వైరస్ దానితోనే ఉంటుంది. కానీ దోమకు జ్వరం లేదు, నీరసం లేదు, హాయిగా ఎగురుతుంది. చెరువు గట్టున తిరిగే పీతను తీసుకోండి. చాలా రకాల పీతలు తెల్లమచ్చ వైరస్‌ను ఒంట్లో పెట్టుకుని కూడా మామూలుగానే తిరుగుతాయి. అదే వైరస్ మీ చెరువును రెండు రోజుల్లో ఊడ్చేసింది. శీతాకాలంలో కొల్లేరుకు వచ్చే వలస బాతుల్లో కొన్ని ఫ్లూ వైరస్‌ను మోస్తూ కూడా పైకి ఏ జబ్బూ లేనట్టే ఉంటాయి. అది కోళ్లఫారంలో పడితే షెడ్డు షెడ్డంతా నేలకూలుతుంది. అదే పొట్లం, అదే రాత. ఒక ఒంట్లో అద్దెకున్నవాడిలా ఉంటుంది, ఇంకో ఒంట్లో యముడవుతుంది. కాబట్టి "ఈ వైరస్ ఏం చేస్తుంది?" అని అడిగిన ప్రతిసారీ "ఎవరి ఒంట్లో?" అని కూడా అడగాలి. మీ ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ రెండో ప్రశ్నలోనే ఉంది.

రొయ్య ఒంట్లో ఏం జరిగిందో ముందు చెబుతాను, ఎందుకంటే దాన్ని నేను మొదట చూసింది మా ఇంట్లోనే. 1995లో మా నాన్నగారికి టైగర్ రొయ్యల చెరువు ఉండేది. నేను అప్పుడే హౌస్ సర్జన్‌గా చేరాను. సెలవుకు ఇంటికి వచ్చిన రోజు పొద్దున్నే ఆయన నన్ను గట్టు మీదికి తీసుకువెళ్లారు. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రేలో మేత వేసింది వేసినట్టే ఉంది. రొయ్యలు లోతు వదిలి గట్టు వారకు వచ్చి, దిక్కు తెలియనట్టు నీటి మీద తేలుతున్నాయి. చేయి పెట్టినా పారిపోవడం లేదు. ఆయన ఒకదాన్ని పట్టి, తలమీది పెంకు ఊడదీసి, లోపలి కండను బొటనవేలి గోరుతో గీకేసి, ఆ పెంకును సూర్యుడికి ఎదురుగా పట్టుకున్నారు. పలచని ఆ పెంకులో సుద్దతో చుక్కలు పెట్టినట్టు తెల్లటి మచ్చలు. రుద్దితే పోవు, అవి పెంకులోనే పేరుకున్న సున్నం. ఆయన నా వైపు తిరిగి "నువ్వు డాక్టరువి కదా, దీనికి మందేమిటి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఆయన ఎవరి మాటో విని యాంటీబయాటిక్ కొని మేతలో కలిపి చల్లారు. మూడో రోజుకు చెరువంతా తేలిపోయింది. ఆ ప్రశ్నకు ఆ రోజు ఇవ్వలేని జవాబు ఈ రోజు మీకు రాస్తున్నాను.

తెల్లమచ్చ వైరస్ రొయ్యలో పెంకు కింది చర్మాన్ని, మొప్పలను, కడుపు పొరను, రక్తం తయారుచేసే కణజాలాన్ని ఎక్కుతుంది. ఒక్కో కణం లోపల నకళ్లు నిండిపోయి, కణం నడుమ ఉండే గింజ (కేంద్రకం) ఉబ్బి పగిలిపోతుంది. మొప్పలు చితికిపోతే ఊపిరి అందదు. కడుపు పొర పోతే మేత ముట్టదు. దాని రక్తం గడ్డకట్టే గుణం కూడా పోతుంది. మనకున్నట్టు ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకుని యాంటీబాడీలు తయారుచేసే ఏర్పాటు రొయ్యకు లేదు. అందుకే మూడు నుంచి పది రోజుల్లో చెరువు చెరువే పోతుంది. అక్కడ చంపేది వైరసే, నేరుగా.

మీ బాబు విషయంలో కథ వేరు. డెంగీలో మనిషిని ముంచేది చాలావరకు వైరస్ కాదు, వైరస్‌తో మన ఒళ్లు చేసే యుద్ధం. "జ్వరం తగ్గాక ప్రమాదమేమిటి?" అన్న మీ ప్రశ్నకు మూలం ఇదే. మీరు అడిగినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే. పక్కింటివాళ్లకు కూడా చెబుతారనే నమ్మకంతో కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటి మూడు నాలుగు రోజులు వైరస్ రక్తంలో నిండుగా ఉంటుంది. దాన్ని పసిగట్టిన కణాలు ఇంటర్‌ఫెరాన్ వంటి హెచ్చరిక పదార్థాలను రక్తంలోకి వదులుతాయి. ఒంటి వేడిని పెంచేది, ఒళ్లు నొప్పులు తెచ్చేది, ఆకలి చంపేది అవే. అంటే జ్వరం వైరస్ పెట్టిన మంట కాదు, మన ఒళ్లు తనకు తానుగా రాజేసుకున్నది. నాలుగో రోజో అయిదో రోజో వైరస్ రక్తంలోంచి తగ్గిపోతుంది, జ్వరం దిగుతుంది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. సరిగ్గా అప్పుడే లోపల యుద్ధం పతాక స్థాయిలో ఉంటుంది. ఆ యుద్ధంలో వెలువడే పదార్థాలు, వాటికి తోడు కణాల నుంచి బయటికి వచ్చే ఎన్‌ఎస్1 అనే వైరస్ ప్రొటీను కలిసి సన్నటి రక్తనాళాల లోపలి పూతను దెబ్బతీస్తాయి.

మీరు డెల్టాలో పుట్టి పెరిగినవారు, కాలువ గట్టుకు గండి పడటం వేరు, ఊట పట్టడం వేరని మీకు నేను చెప్పనక్కరలేదు. గండి పడితే ఊరంతా కేకలు వేస్తుంది. ఊట పడితే ఎవరికీ తెలియదు. గట్టు నిలబడే ఉంటుంది, అవతలి చేను మాత్రం తడిసిపోతుంది, కాలువలో నీళ్లు తగ్గిపోతాయి. డెంగీ అంటే జనం భయపడేది గండికి, అంటే రక్తస్రావానికి. చాలామంది పిల్లలను నిజంగా కూల్చేది ఊట. రక్తంలోని నీటి భాగం నాళాల్లోంచి కడుపులోకి, ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న ఖాళీలోకి ఊరిపోతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది. రక్తపరీక్షలో పీసీవీ అనే అంకె పెరగడం దాని గుర్తు. కాలేయం ఉబ్బుతుంది, కడుపు నొప్పి పెడుతుంది, వాంతులవుతాయి. ఉన్న కాస్త రక్తాన్ని గుండెకూ మెదడుకూ మిగల్చడానికి ఒళ్లు చేతులకూ కాళ్లకూ పంపడం తగ్గించేస్తుంది. అయిదో రోజు మధ్యాహ్నం మీ చేతికి తగిలిన ఆ చల్లదనం అదే. ఆ చల్లదనం చూసి "జ్వరం పూర్తిగా దిగింది" అనుకుని దుప్పటి కప్పి పడుకోబెట్టిన ఇళ్లు నాకు తెలుసు. మీరు ఆలస్యం చేయకుండా బండి కట్టించారు. బిడ్డను కాపాడింది ఆ పరుగే.

ఈ ఊట 24 నుంచి 48 గంటలు ఉంటుంది. తర్వాత నాళాల పూత కోలుకుంటుంది, ఊరిన నీళ్లు తిరిగి రక్తంలోకి వస్తాయి. అందుకే సెలైను ఎంత ముఖ్యమో, దాన్ని సమయానికి తగ్గించడమూ అంతే ముఖ్యం. లోపలికి తిరిగి వచ్చే నీళ్లకు మనం ఎక్కించిన నీళ్లు తోడైతే ఊపిరితిత్తులు నిండిపోతాయి. ఆసుపత్రిలో మాటిమాటికీ రక్తం తీశారని, సెలైను ఆపేశారని మీకు కష్టంగా అనిపించి ఉంటే ఇదీ కారణం.

ప్లేట్‌లెట్ల గురించి మీరు అడగలేదు కానీ మీ ఊళ్లో అందరూ వాటి గురించే అడిగి ఉంటారు. డెంగీలో ఎముక మూలుగ కొన్నాళ్లు మందగిస్తుంది, ఉన్న ప్లేట్‌లెట్లు కూడా త్వరగా ఖర్చవుతాయి. సంఖ్య పడిపోవడం మామూలే, పెరగడమూ దానంతట అదే జరుగుతుంది. రక్తస్రావం లేకుండా, కేవలం అంకె చూసి ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల లాభం లేదు. సాధారణంగా 10,000 కంటే కిందికి పడితేనో, రక్తస్రావం ఉంటేనో దాని గురించి ఆలోచిస్తారు. పిల్లవాడి మూత్రం ఎన్ని గంటలకు ఒకసారి వస్తోందన్నది మీరు ఇంట్లో కూర్చుని చూడగలిగిన అంకె, దాన్ని చూడండి. ఆరు గంటలు దాటినా రాకపోతే ఆగకూడదు. బిడ్డ గోరును నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. ఆలస్యమైతే రక్తం చేతి చివరకు చేరడం లేదని అర్థం. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి గాని ముక్కు నుంచి గాని రక్తం, విపరీతమైన మగత, లేదా ఊరికే కొట్టుకులాడటం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా రాత్రి పన్నెండైనా సరే బయలుదేరాలి. లెక్క జ్వరం వచ్చిన రోజు నుంచి కాదు, జ్వరం దిగిన గంట నుంచి పెట్టుకోండి. అక్కడి నుంచి రెండు రోజులు బిడ్డ మీద కన్ను ఉండాలి.

బొప్పాయి ఆకు రసం పోశారో లేదో మీరు రాయలేదు. దానితో ప్లేట్‌లెట్లు పెరుగుతాయని నమ్మి ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేస్తే మాత్రం అది హాని. అసలే వాంతులతో ఉన్న పిల్లవాడి కడుపులో ఆ చేదు నిలవదు కూడా. ఆ సమయంలో గంజి, మజ్జిగ, కొబ్బరి నీళ్లు, ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగిస్తే అంతకంటే మేలు.

యాంటీబయాటిక్ ఎందుకు ఆపారంటే, అది కొట్టే చోటు వైరస్‌కు లేదు. బ్యాక్టీరియా ఒక పూర్తి జీవి. దానికి తన గోడ ఉంటుంది, తన ప్రొటీన్లు తయారుచేసుకునే యంత్రాలు తన లోపలే ఉంటాయి. పెన్సిలిన్ ఆ గోడ కట్టుకోనివ్వదు, టెట్రాసైక్లిన్ ఆ యంత్రాన్ని ఆపుతుంది. వైరస్‌కు ఆ గోడా లేదు, ఆ యంత్రమూ లేదు. అది వాడేది మన మిల్లునే. డెంగీ వైరస్‌ను నేరుగా కొట్టే మందు ఇప్పటికి వైద్యంలో లేదు. ఊటను కనిపెట్టి నీళ్లు సరిచూడటమే వైద్యం, అది సమయానికి జరిగితే దాదాపు అందరూ బతుకుతారు. ఆర్‌ఎంపీ చేసిన ఇంజెక్షను ఏమిటో మీరు రాయలేదు. జ్వరానికీ నొప్పులకూ చేసే డైక్లోఫినాక్ గాని, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ మాత్రలు గాని డెంగీలో వాడకూడదు. ప్లేట్‌లెట్లు తగ్గిన ఒంట్లో అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. వానాకాలంలో వచ్చే ఏ జ్వరానికైనా, కారణం తేలేవరకు పారాసెటమాల్ ఒక్కటే, అదీ బరువుకు తగిన మోతాదులో. ఆయనతో తగవు వద్దు, మర్యాదగానే ఈ మాట చెప్పండి. అర్ధరాత్రి మీ ఊళ్లో తలుపు తీసేది ఆయనే.

మీరు పోసిన ముప్పై వేల గురించి చదివినప్పుడు నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. ఒకసారి చెరువులో తెల్లమచ్చ కనబడ్డాక దానికి మందు లేదు. ఏ పేరుతో, ఏ రంగు డబ్బాలో, ఎంత ధరకు అమ్మినా లేదు. యాంటీబయాటిక్‌లు చల్లితే రొయ్య బతకకపోగా, దాని కండలో మందు అవశేషాలు మిగులుతాయి. విదేశాల్లో పరీక్షలో దొరికితే సరుకు మొత్తం వెనక్కి వస్తుంది. చేయవలసిందంతా సీడు వేయకముందే ఉంది. చెరువు ఎండగట్టి, నీళ్లు వడకట్టి బ్లీచింగ్‌తో శుద్ధి చేసి, వైరస్ రాతను వెతికే పీసీఆర్ పరీక్షలో అది లేదని తేలిన సీడునే వేయాలి. పీతలు రాకుండా గట్టు చుట్టూ వల, చచ్చిన రొయ్యను ముక్కున కరుచుకుని చెరువు మార్చే పక్షులకు అడ్డంగా పైన తాళ్లు. ఈసారి మచ్చలు కనబడితే తొందరపడి నిర్ణయానికి రాకండి. నీటిలో లవణాలు ఎక్కువైనా, కొన్ని బ్యాక్టీరియాల వల్లా పెంకు మీద మచ్చలు పడతాయి. పరీక్షే తేల్చాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చెరువు పోయిన రైతు రాత్రికి రాత్రి ఆ నీళ్లను డ్రెయిన్‌లోకి వదిలేయడం మన వైపు ఉంది. కడుపు మండి చేస్తారు, నాకు తెలుసు. కానీ ఆ నీళ్లనే కింద ఊరివాళ్లు మోటారు పెట్టి తమ చెరువులోకి తోడుకుంటారు. బయటపడిన వైరస్ ఆ నీళ్లలో కొన్ని రోజులు బతికే ఉంటుంది. బ్లీచింగ్ కలిపి, కొన్నాళ్లు నిలవబెట్టి, ఆ తర్వాతే వదలాలి. మోతాదు మీ గ్రామ మత్స్య సహాయకుణ్ని అడగండి. చచ్చిన రొయ్యలను గట్టున పారేయకుండా సున్నం వేసి పాతిపెట్టాలి.

బాబు నీరసానికి వద్దాం. డెంగీ తర్వాత మూడు నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం నీరసం ఉండటం మామూలే. యుద్ధంలో పాడైనదంతా ఒళ్లు కూడదీసుకుంటోంది. రెండు మూడు నెలలకు జుట్టు ఊడవచ్చు, మళ్లీ వస్తుంది. పథ్యం పేరుతో చారన్నం, బ్రెడ్డు మాత్రమే పెడుతుంటే వెంటనే మానేయండి. కోలుకునే ఒంటికి మాంసకృత్తులు కావాలి. గుడ్డు, పప్పు, పెరుగు, చేప, అన్నీ పెట్టండి. రొయ్యలు కూడా పెట్టవచ్చు, వాటితో దద్దుర్లు వచ్చే అలవాటు లేకపోతే. బడికి పంపండి, ఆటలు మాత్రం ఇంకో రెండు వారాలు వద్దు. మళ్లీ జ్వరం వచ్చినా, తిండి అసలు సహించకపోయినా, కళ్లు పచ్చబడినా చూపించండి.

ఇక ఆఖరి ప్రశ్న. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. బాబుకు వచ్చిన రకం ఇక జీవితంలో రాదు, ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుంది. మిగిలిన మూడూ రావచ్చు. రెండోసారి వేరే రకం వచ్చినప్పుడు చిక్కు ఉంది. పాత యాంటీబాడీలు కొత్త రకాన్ని పట్టుకుంటాయి గాని చంపలేవు. పట్టుకుని తీసుకెళ్లి కణాల తలుపు దగ్గరే దింపుతాయి. అందువల్ల రెండోసారి ఊట ముదిరే అవకాశం మొదటిసారి కంటే ఎక్కువ. రెండోసారి వచ్చినవాళ్లలో కూడా ఎక్కువమంది మామూలుగానే కోలుకుంటారు, కాబట్టి భయంతో కూర్చోకండి. కానీ పెరడు మాత్రం వదలకండి.

ఆ దోమ కాళ్ల మీద తెల్ల పట్టీలుంటాయి, పగలే కుడుతుంది, పొద్దున్నా సాయంత్రం చీకటి పడేముందూ ఎక్కువ. మీ రొయ్యల చెరువు దాని ఇల్లు కాదు. బిందె, తొట్టె, కూలర్, కొబ్బరి చిప్ప, టైరు దాని ఇళ్లు. గుడ్లు నీళ్లలో పెట్టదు, నీటిమట్టానికి కాస్త పైన గోడకు అతికిస్తుంది. నల్లటి ఆవగింజ కంటే చిన్న చుక్కలు. నీళ్లు పారబోసినా అవి గోడకే ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగిలిన రోజున పొదుగుతాయి. అందువల్ల పారబోయడం చాలదు, పీచుతో గట్టిగా తోమాలి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, కాబట్టి వారానికి ఒకసారి చాలు. ఆరోగ్య సిబ్బంది శుక్రవారం డ్రైడే అని తిరిగేది ఈ లెక్క మీదనే.

ఆసుపత్రిలో ఇచ్చిన డెంగీ రిపోర్టును పారేయకండి. తేదీతో సహా బీరువాలో భద్రంగా పెట్టండి. ఎన్నేళ్ల తర్వాతైనా బాబుకు వానాకాలంలో జ్వరం వస్తే, మొదటి రోజే దాన్ని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి, "ఒకసారి వచ్చింది" అని చెప్పండి.